కస్టమర్లు, అమ్మకాల వివరాలు చూసుకునే సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్ పేరు పెడితే కింది వాళ్ల రికార్డులు ఆయనకు కనిపిస్తాయా?

కనిపించవు, యూజర్ పేజీలో మేనేజర్ పేరు నింపినంత మాత్రాన యాక్సెస్ రాదు, దాన్ని ఇచ్చేది రోల్ హైరార్కీ, అంటే రోల్స్‌ని పైనా కిందా పేర్చిన వరుస.

రికార్డు ఎవరి పేరు మీద ఉందో, వాళ్ల రోల్‌కి నేరుగా పైన ఉన్న రోల్స్ అన్నిటికీ ఆ రికార్డు తెరుచుకుంటుంది. మేనేజర్ గడి ముఖ్యంగా అప్రూవల్స్ ఎవరికి వెళ్లాలో చెప్పడానికి పనికొస్తుంది.

ఆపర్చునిటీలకు (అంటే కుదరబోయే అమ్మకాల రికార్డులకు) సంస్థ మొత్తానికి వర్తించే డిఫాల్ట్‌ని ప్రైవేట్‌గా, అంటే మామూలుగా ఇతరులకు కనబడకుండా, పెట్టారనుకోండి. 'విజయవాడ సేల్స్' రోల్‌లో ఇద్దరున్నారు, వాళ్ల పైన 'కోస్తా మేనేజర్' రోల్. ఆ మేనేజర్ ఇద్దరి ఆపర్చునిటీలనూ చూస్తారు, ప్రొఫైల్‌లో (యూజర్ ఏమేం చేయొచ్చో చెప్పే సెట్టింగ్‌లో) అనుమతి ఉంటే మారుస్తారు కూడా. ఆ ఇద్దరికి మాత్రం ఒకరివి ఒకరికి కనబడవు. ఒకే రోల్‌లో ఉంటే పంచుకున్నట్టే అనుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు. వాళ్ల మధ్య పంచాలంటే షేరింగ్ రూల్ (ఎవరి రికార్డులు ఎవరికి కనబడాలో చెప్పే నియమం) లాంటిది విడిగా పెట్టాలి.

చాలామంది చేసే పెద్ద పొరపాటు, హెచ్‌ఆర్ చార్ట్‌ని ఉన్నదున్నట్టు రోల్స్‌గా దించెయ్యడం. రోల్ అంటే హోదా కాదు, ఎవరు ఎవరి డేటా చూడాలన్న లెక్క. పైగా హైరార్కీ యాక్సెస్‌ని పెంచుతుందే తప్ప తగ్గించదు. డిఫాల్ట్ 'పబ్లిక్ రీడ్/రైట్' అయితే రోల్స్ ఎంత జాగ్రత్తగా పేర్చినా ఆ రకం రికార్డులు చూసే అనుమతి ఉన్న అందరికీ అన్నీ కనిపిస్తాయి. కస్టమ్ ఆబ్జెక్టులకైతే (సంస్థ సొంతంగా తయారు చేసుకున్న రికార్డు రకాలకైతే) ఈ హైరార్కీ యాక్సెస్‌ని ఆపేసుకోవచ్చు, సేల్స్‌ఫోర్స్‌తో వచ్చే స్టాండర్డ్ వాటికి ఆ వీలు లేదు.