బురదలోని బొగ్గు

చిరంజీవికి శుభాశీస్సులు.

కాలిఫోర్నియాలోని లా బ్రియా తారు గుంటల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీకు ఈ విషయం మీద నిజమైన ప్రేమ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మొదటి వాక్యంలోనే వేల ఏళ్ల కిందటి అడవిని మంటల్లో చూపించావు. ఆ మంటను చూసి చెప్పినవారు ఎవరూ లేరు. మనకు మిగిలినవి లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున తారులో చిక్కుకున్న ఎముకలూ, అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఎల్సినోర్ సరస్సు అడుగు బురదలో పొరలు పొరలుగా పేరుకున్న పుప్పొడీ, బొగ్గు రేణువులూ. పాఠకుణ్ణి ముందుగా ఆ బురద దగ్గరికి తీసుకెళ్లు.

2023లో 'సైన్స్' పత్రికలో వెలువడిన అధ్యయనం కోసం పరిశోధకులు ఎనిమిది జాతులకు చెందిన 172 ఎముకల వయసును రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే వాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి, తేల్చారు. కత్తికోరల పిల్లి, డైర్ తోడేలు, ప్రాచీన గుర్రం, ఒంటె వంటి ఏడు జాతులు సుమారు 12,900 ఏళ్ల కిందటికే అక్కడ కనుమరుగయ్యాయి. సరస్సు పొరల్లో సుమారు 13,200 ఏళ్ల నాటి నుంచి బొగ్గు విపరీతంగా పెరిగింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే పుట్టే గగుర్పాటు ఏ విశేషణంతోనూ రాదు.

నువ్వు వాడిన "హఠాత్తుగా" అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. భూమి చరిత్రలో అది కొన్ని వందల ఏళ్లు కావచ్చు. నా తొలి వ్యాసమొకదానిలో ఇటువంటి మార్పును ఒక్క రాత్రి ప్రళయంలా వర్ణించాను. అచ్చయిన ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. వాతావరణం వేడెక్కి నేల ఎండిపోవడం, మేసే జంతువులు తగ్గి ఎండుగడ్డి, పొదలు పేరుకోవడం, పిడుగులు అరుదైన ఆ ప్రాంతంలో మనుషులు పెట్టిన నిప్పు తోడవడం వల్ల చెట్ల వనం పొదల నేలగా మారిందని పరిశోధకుల వాదన. "వాదన" అన్న మాటను కొట్టెయ్యకు. అడవి కాలిందని బొగ్గు చెబుతుందే గాని, ఎవరు అంటించారో చెప్పదు.

ఎనిమిదో జాతి అయిన కయోటీని, తోడేలును పోలిన ఆ చిన్న జంతువును, నువ్వు పూర్తిగా వదిలేశావు. అది బతికింది, నేటికీ లాస్ ఏంజెలెస్ కొండల్లో తిరుగుతోంది. ఆ ఏడు పెద్ద జంతువులూ పోయిన చోట అదెలా నిలిచిందో ఒక పేరా రాసి పంపు.