కళాకారులకు నెలనెలా ప్రభుత్వ భృతి: తప్పెటగుళ్లు ఆడేవాడిగా నా జవాబు

ఐర్లాండ్‌లో కళాకారులకు ఇచ్చినట్టు మన దగ్గరా భృతి ఇస్తే కుదురుతుందా, ఊరికే డబ్బొస్తే సోమరులైపోరా అని అడిగారు. నాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర పల్లె. మా మావయ్య దళంలో తప్పెటగుళ్లు ఆడతాను, ఇది మా ఉత్తరాంధ్ర జానపద ఆట. కుదురుతుందనే నా నమ్మకం. కాకపోతే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే మాత్రం కుదరదు.

అక్కడ 2022లో మొదలుపెట్టి 2000 మందికి వారానికి 325 యూరోలు ఇచ్చారు. అర్హులు 8000 మందికి పైగా ఉంటే లాటరీ తీశారు. బయట సంపాదించుకోవద్దని ఎవరూ అనలేదు. ప్రభుత్వం లెక్క కట్టిస్తే, పెట్టిన ప్రతి యూరోకీ సమాజానికి 1.39 యూరోల ప్రయోజనం తిరిగి వచ్చిందని తేలింది. 2025 అక్టోబరు బడ్జెట్‌లో ఈ పథకాన్ని కొనసాగిస్తామన్నారు. సోమరితనం అనుమానానికి నాకు ఈ జవాబు చాలు.

మన దగ్గర కళాకారుడికి సాయం అంటే పెద్ద వయసులో పింఛనే. రాష్ట్రంలో డప్పు కళాకారులకు 50 దాటాక నెలకు 4000 రూపాయలు. కేంద్రం సాయమైతే 60 దాటాక, ఏడాది ఆదాయం 72,000 మించకపోతే, నెలకు 6000 దాకా. అవి ఉండాల్సిందే, ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. కానీ తప్పెటగుళ్లు వయసులో ఉన్నవాళ్ల ఆట. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గంటల తరబడి గెంతాలి. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడేటప్పుడు, కింద ఉన్నవాడు పైవాళ్ల బరువు మోస్తూనే తాళం తప్పకుండా వాయించాలి. నలభై ఐదు దాటితే మోకాళ్లు ఒప్పుకోవు. పింఛను వచ్చే వయసుకి మావాళ్లలో ఆడేవాడే ఉండడు.

మా సీజన్ సంక్రాంతికి మొదలై అమ్మవారి పండగలతో అయిపోతుంది. ఆ తర్వాత ఊడ్పులు, అవీ అయ్యాక ఖాళీ. ఖాళీ అంటే హైదరాబాదో విశాఖో బిల్డింగ్ పనులకు పోవడమే. మా దళంలో కింద నిలబడే కుర్రాడు అలాగే పెళ్లాం పిల్లలతో వెళ్లాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు కాబట్టి పండక్కి కబురు పెట్టినా రాలేకపోయాడు. ఆ ఏడాది మేం భుజాలెక్కే ఆటే ఆడలేదు. వేరేవాణ్ణి పెడదామంటే, నమ్మి అతని భుజాల మీద ఎక్కాలి కదా, అది ఒక వానాకాలంలో వచ్చే సాధన కాదు. ఖాళీ నెలల్లో ఇంటి బియ్యం, పిల్లల ఫీజులు గడిచేంత వచ్చుంటే అతను ఊళ్లోనే ఉండేవాడు. నేను అడిగేది ఆ మాత్రమే.

లాటరీ మాత్రం మనకొద్దు. బొమ్మలు వేసేవాడు, రాసేవాడు ఒంటరిగా పని చేసుకోగలడు. మాది పదిహేను, ఇరవై మంది కలిస్తేనే ఆట. ఒకడికి తగిలి పక్కవాడికి తగలకపోతే దళం ఆ రోజే విడిపోతుంది. ఇస్తే దళమంతటికీ ఇవ్వాలి, అదీ ఎవరి ఖాతాలోకి వాళ్లకి. మొత్తం తీసుకెళ్లి గురువు చేతిలో పెట్టకూడదు. మా మావయ్యా ఇదే అంటాడు.

ఇక అసలు కళాకారుడెవరో తేల్చడం ఎలా? ఫ్రాన్స్‌లో ప్రదర్శన కళాకారులు 12 నెలల్లో 507 గంటల పని చూపిస్తే, పని లేని రోజులకు భృతి వస్తుంది. సీజన్ మీద బతికే మాలాంటివాళ్లకు లాటరీ కన్నా ఇదే దగ్గరగా ఉంది. కానీ మాకు రసీదులుండవు. తాంబూలంలో పెట్టిన డబ్బు, ఆడుతుంటే జనం ఇచ్చే చదివింపులు, అంతే. అందుకని గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టర్ పెట్టి, ఏ రోజు ఏ దళంలో ఎవరెవరు ఆడారో రాసి, పండగ చేయించిన పెద్దలతో సంతకం పెట్టిస్తే సరిపోతుంది.

మా వైపు జానపద కళలే అయిన జముకుల కథ చెప్పేవాళ్లనీ, తూర్పు భాగవతం వాళ్లనీ కూడా అడగండి. వాళ్ల దళాలు వేరు, ఖాళీ నెలలు వేరు. నేను చెప్పిన లెక్క వాళ్లకు సరిపోకపోవచ్చు.