బైక్ నడిపేవాళ్లు బ్లడ్ గ్రూప్, మందుల వివరాలు రాసిన కార్డు దగ్గర పెట్టుకోవాలా? హెల్మెట్ మీద స్టిక్కర్ చాలదా?

స్టిక్కర్ వల్ల లాభం అది అమ్మేవాడికే. ఘాటుగా ఉందనిపించినా నా మాట ఇదే. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నాది, ఇల్లు తాడేపల్లిలో. రోజూ హైవే మీద బండి తోలేవాణ్ని, మందులు అమ్మేవాణ్ని. రెండు వైపుల నుంచీ చూసే చెప్తున్నా.

ఏ డాక్టరూ హెల్మెట్ చూసి రక్తం ఎక్కించడు. శాంపిల్ తీసి గ్రూపు మళ్లీ చూస్తారు, క్రాస్ మ్యాచ్ చేస్తారు, అంటే ఎక్కించబోయే రక్తం మనకు పడుతుందో లేదో కలిపి చూస్తారు. అంత వ్యవధి లేకపోతే ‘ఓ’ (O) గ్రూపు రక్తం ఎక్కిస్తారు. లైసెన్సు మీద ఉండే గ్రూపు గురించైతే అసలు అడక్కండి. నెట్ సెంటర్ కుర్రాడు "గ్రూపేంటి సార్" అంటాడు, మనవాడికి గుర్తుండదు, "ఓ పాజిటివ్ కొట్టెయ్ బాబూ" అంటాడు. బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. వాళ్లకు ‘ఓ’ గ్రూపు కూడా పడదు, కాబట్టి వాళ్లు పెద్దక్షరాలతో రాసుకోవాల్సిందే.

ఒకరోజు రాత్రి షాపు కట్టేసి వస్తున్నా. కాజ టోల్‌గేట్ దాటాను, చినకాకాని ఇంకా రాలేదు. ఇసుక లారీ కార్చుకుంటూ పోయిన ఇసుక మీద ఒకాయన బండి జారి పడ్డాడు. యాభై పైబడ్డ మనిషి. (ఈ లారీల మీద పట్టా కప్పమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నామో! కృష్ణలో ఇసుక సగం రోడ్డు మీదే ఉంటుంది.) నేను వెళ్లేసరికే జనం మూగారు. ఒకడు సోడా సీసాతో నోట్లో నీళ్లు పోయబోతున్నాడు, ఇంకొకడు హెల్మెట్ పట్టుకుని లాగుతున్నాడు. ఇద్దరినీ అరిచి ఆపాను. స్పృహ సరిగా లేని మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. హెల్మెట్ లాగితే, మెడకు దెబ్బ తగిలి ఉంటే అది ఇంకా పెద్దదవుద్ది. ఊపిరి ఆడుతున్నంతసేపు దాని జోలికి పోకూడదు. "మనకెందుకండీ, పోలీసు కేసవుద్ది" అని గొణిగినాయన కూడా ఉన్నాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ అని సెక్షనే పెట్టారు, సాయం చేసినవాళ్ల జోలికి రాకూడదని, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని. అయినా మనవాళ్ల భయం పోలేదు.

హెల్మెట్ వెనక ఎర్రటి అక్షరాలతో "ఓ పాజిటివ్" అని ఉంది. ఒక కుర్రాడు దాన్ని పదేపదే పైకి చదువుతున్నాడు, ఏదో వైద్యం జరిగిపోతున్నట్టు. పేరేంటో, ఊరేంటో ఎవరికీ తెలియదు. ఫోన్‌కు లాక్. చొక్కా జేబులో మాత్రల ముక్క ఒకటి దొరికింది గానీ పేరున్న వైపు కత్తిరించి ఇచ్చినట్టున్నారు, వెండి కాగితం తప్ప అక్షరం లేదు. నా షాపులో మాత్రం నాలుగు మాత్రలు అడిగినా పేరు కనిపించే వైపే కత్తిరించి ఇస్తా.

108కి ఒకతను ఫోన్ చేసి "ఇక్కడండీ, హైవే మీద" అంటున్నాడు. 2005లో మొదలైన 108కి ఇన్నేళ్లయినా ఎక్కడున్నామో చెప్పడం మనకు రాలేదు. ఫోన్ లాక్కుని టోల్‌గేట్ దాటాక ఏ వైపో నేనే చెప్పాను.

ఈలోగా పడ్డాయన ఫోన్ మోగింది. లాక్‌లో ఉన్నా వచ్చే ఫోన్ ఎత్తొచ్చు కదా, ఎత్తాను. అవతల ఆయన భార్య.

"అమ్మా, కంగారు పడకండి. మీ ఆయన బండి మీంచి పడ్డారు, ఊపిరి బాగానే ఉంది, అంబులెన్స్ వస్తోంది. రోజూ ఏమన్నా మందులు వాడతారా?"

"గుండెకి స్టెంటేశారండీ. రక్తం పల్చబడే బిళ్ల వేసుకుంటాడు."

"పేరేంటమ్మా?"

"గులాబీ రంగు బిళ్లండీ…"

క్లోపిడోగ్రెల్ అయ్యుంటుందని నా లెక్క. రంగును బట్టి ఖాయంగా చెప్పలేం గానీ, అంబులెన్స్ కుర్రాడికి "స్టెంట్ పేషెంటు, రక్తం పల్చబడే మందులో ఉన్నాడు, తలకు దెబ్బ తగిలింది" అని ఒక్క ముక్కలో చెప్పాను. అతను అది వెంటనే రాసుకున్నాడు. అలాంటి మందు వాడేవాళ్లకి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం ఆగడం కష్టం, సీటీ స్కాన్ ఆలస్యం చేయకూడదు. తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ చేసి, నాన్న కోలుకుంటున్నాడని చెప్పాడు. ఆ కబురు మోసింది స్టిక్కర్ కాదు, భోజనానికి ఎప్పుడొస్తావని అడగబోయిన ఇల్లాలు.

కాబట్టి కార్డు కావాలా అంటే కావాలి. మందుల పేర్లు, ముఖ్యంగా రక్తం పల్చబడేవి, ఇన్సులిన్, ఫిట్స్ మందులు. పెన్సిలిన్ లాంటివి పడకపోతే అది. ఫోన్ నంబర్ ఒకటి, అంతే. ఫోన్ సెట్టింగుల్లో ఎమర్జెన్సీ సమాచారం నింపితే లాక్ తీయకుండానే కనిపిస్తుంది, అదీ చేయండి. కానీ అద్దం పగిలిన ఫోన్ చదివేదెవరు? కాగితం కూడా ఉండాలి. బ్రిటన్‌లో క్రాష్ కార్డ్ అని హెల్మెట్ లోపల పెట్టుకుని, బయట ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. మన దగ్గర ఆ చుక్క చూసి కార్డు కోసం వెతికేదెవరు? పైగా విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి, ఎన్ని హెల్మెట్లు ట్యాంకు మీద, మోచేతికి వేలాడుతుంటాయో! కార్డు చొక్కా జేబులోనే ఉండాలి.

ఇక నంబర్ ఎవరిది రాయాలి? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. భార్య నంబరో, కొడుకు నంబరో రాస్తారు. లోన్ కావాలా అని అడిగేవాళ్ల పుణ్యమా అని ఈ రోజుల్లో తెలియని నంబర్ ఎత్తే ఇల్లుందా? మా ఆవిడైతే కొత్త నంబర్ కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తుంది. మా బావమరిది విజయవాడలో క్యాటరింగ్ చేస్తాడు. ఏ నంబర్ నుంచి వచ్చినా ఆర్డరేమోనని మొదటి రింగుకే ఎత్తుతాడు. నా కార్డు మీద ఉన్నది ఆయన నంబరే. దాని మీద ఇంట్లో అలక ఇంకా తీరలేదు.