పక్కింటి పూలమడి, మన గోడకు చెమ్మ

నాయనా,

పడకగది గోడ అడుగున పూత ఉబ్బి రాలుతోందనీ, అవతల పక్కింటాయన గోడకు ఆనించి పూలమడి కట్టినాడనీ రాసినావు. పెయింటరును అప్పుడే పిలవొద్దు. తడి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కులొచ్చి ఊడిపోతుంది.

ఆ చెమ్మ మడిదో కాదో ముందు తేల్చుకో. రాత్రి కొళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు చూడు. తెల్లారేసరికి ముల్లు కదిలివుంటే మీ పైపే కారుతోంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలెయ్. కాగితం వెనక తడి పడితే నీళ్లు గోడలోనుంచే వస్తున్నాయి. ముందువైపు పడితే అది గదిలోని గాలి తేమ. నేలనుంచి ఎక్కే చెమ్మ మామూలుగా మూడడుగులు దాటదు. అంతకంటే పైన మచ్చలుంటే మేడమీద నీళ్ల గొట్టాన్ని అనుమానించాల.

తర్వాత మట్టం. ఆ గోడకు కిటికీ ఉంటే దాని అంచునుంచి లోపల గచ్చుకు ఎంత, బయట మడి మట్టికి ఎంత అని టేపుతో కొలువు. కిటికీ లేకపోతే మేస్త్రీ లెవెల్ ట్యూబు తెస్తాడు. బయటి మట్టి మన గచ్చుకంటే కనీసం ఆరంగుళాలు కిందుండాల. బేస్‌మెంట్ పైన చెమ్మ ఎక్కకుండా వేసిన పొరను దాటి మట్టి పోస్తే ఆ పొర ఉన్నా లేనట్టే, తడి నేరుగా ఇటుకలోకి పోతుంది. చెదలకూ అదే దారి. కొలతలు రాసిపెట్టు, టేపు కనబడేలా ఫొటోలు తీయి.

మీది కర్నూలు నల్లరేగడి కాబట్టి ఇంకో గండముంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. గోడకు ఒకపక్క రోజూ నీళ్లు, ఇంకోపక్క ఎండు నేల ఉంటే పునాది ఒకే తీరున కదలదు. అప్పుడు కిటికీ మూలలనుంచి ఐమూలగా పగుళ్లు లేస్తాయి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్. గీత దాటి పెరుగుతున్నా, తలుపులు బిగుసుకుంటున్నా ఇంజనీరుకు చూపించాల. అనంతపురం ఎర్రనేలల్లో ఈ బాధ చాలా తక్కువ.

ఇంక మాట్లాడటం. ఈ గోడ బయటివైపు బాగుచేయాలంటే మేస్త్రీ నిలబడేది ఆయన జాగాలోనే. అందుకే నోరు జారొద్దు. ఆయన్ను ఇంట్లోకి పిలిచి గోడ మీద చెయ్యి పెట్టించు. మొక్కలు తీసెయ్యమనొద్దు, మడిని గోడనుంచి రెండున్నర అడుగులు జరపమను. బండలు, కూలీ ఖర్చు సగం నువ్వు పెట్టుకుంటానంటే చాలామంది ఒప్పుకుంటారు. రావి, జువ్విలాంటివి నాటివుంటే చిన్నగా ఉన్నప్పుడే తీయించాల. ముదిరిన చెట్టును రేగడిలో ఒక్కసారిగా నరికితే, అది తాగే నీళ్లు మిగిలి నేల ఉబ్బుతుంది.

పని వానల్లో పెట్టొద్దు. మట్టిని ఒక్కసారిగా లాగెయ్యకుండా నాలుగైదు అడుగుల ముక్కలుగా తీయాల. పునాది అడుగు దాకా గునపం పోనీయొద్దు. గోడ బయటపడినాక రెండు వారాలు ఆరనిచ్చి, నాలుగు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు, బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపి పూత వేయించు. రాతిని మట్టితో కట్టిన పాత గోడైతే సిమెంటు వద్దు, సున్నమే మేలు. సిమెంటు లోపలి తడిని బంధిస్తుంది, మట్టి మెత్తబడి గోడ ఉబ్బుతుంది. ఖాళీ చేసిన రెండున్నర అడుగుల్లో కడప బండలు పరిచి, బయటికి ముప్పావు అంగుళం వాలు ఇప్పించు. మడి అంచుకూ బండలే నిలబెడితే సరిపోతుంది. డ్రిప్ గొట్టం బండల అవతలే ఉండాల.

లోపలివైపు తొందర పనికిరాదు. చెమ్మ గీతకు అడుగున్నర పైదాకా పాత పూతను కొట్టి తీయించి, తెల్లగా పొంగిన ఉప్పును పొడి బ్రష్‌తో దులుపు. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. గోడ అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల పడుతుంది. తొమ్మిదంగుళాల గోడ రెండువైపులా ఆరినా నాలుగైదు నెలలు కావాల. మన ఎండలు అందుకు మంచివే, సంక్రాంతి దాటినాక మొదలుపెట్టు.

ఆయన ససేమిరా అంటే నువ్వే పార పట్టుకుని ఆయన జాగాలోకి దిగొద్దు, కేసు నీ మీదికే తిరుగుతుంది. ఫొటోలు, కొలతలు జతచేసి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచు. సరిహద్దు తగవుంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలువు. అదీ కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వాళ్లు పెట్టే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మడిని తీయించే ఆదేశం కోసం దావా చివరి మెట్టు, దానికి లాయరుతోపాటు ఇంజనీరు రిపోర్టు కూడా కావాల్సొస్తుంది.