బలం, శక్తి, సామర్థ్యం: గజేంద్రుడికి లేకుండా పోయింది ఏది?

సందేహం: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ‘పని చేయగల సామర్థ్యమే శక్తి’ అని ఒకచోట, ‘పని జరిగే రేటే సామర్థ్యం’ అని ఇంకోచోట చదివాడు. రెండూ కలిపితే శక్తి అంటే రేటు అనే కదా అంటున్నాడు. నిఘంటువు చూస్తే బలం, శక్తి, సామర్థ్యం మూడూ పర్యాయపదాల్లాగే ఉన్నాయి. వాడికేం చెప్పను?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: మీవాడు పట్టవలసిన చోటే పట్టాడమ్మా. తప్పు వాడిది కాదు, ఆ నిర్వచనానిది. ‘సామర్థ్యం’ అనే మాటను ఒక కొలతకు పేరుగా పెట్టుకున్నాక దాన్ని మరో పాఠంలో వదులుగా వాడకూడదు. పైగా అక్కడ దాని అవసరమే లేదు. ‘శక్’ ధాతువుకు చేయగలగడమని అర్థం. దానికి క్తిన్ ప్రత్యయం చేరితే శక్తి. ‘పని చేయగలగడమే శక్తి’ అంటే చాలు.

తెలుగులో ఇలాగే పుట్టిన మాట ‘ఓపిక’. ఓపు అంటే చేయగలుగు, భరించు. ‘మెట్లెక్కే ఓపిక లేదు నాయనా’ అనే ముసలావిడ చెప్పేది సహనం గురించి కాదు, ఒంట్లో శక్తి గురించి. మనం ఓపికను సహనానికి కుదించి, మిగతా అర్థాన్ని ‘ఎనర్జీ’కి ఒప్పజెప్పేశాం. ‘ఎనర్జీ లేదు’ అనని పిల్లవాడు ఈ ఊళ్లో కనబడడు. హైదరాబాదు పాతవాళ్లు ‘తాకత్ లేదు’ అనేవారు, అదీ మనలో కలిసిపోయిన మాటే.

ఇక ‘లావు’. ఇప్పుడది ఒళ్లు చేయడానికే మిగిలింది. పోతన గజేంద్రుడు ‘లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె’ అని మొరపెట్టుకున్నప్పుడు చిక్కిపోయానని చెప్పలేదు, శక్తి ఇసుమంతైనా లేదన్నాడు. సుమతీ శతకకారుడు ‘లావుగలవానికంటెను భావింపగ నీతిపరుడు బలవంతుండౌ’ అన్నదీ ఆ అర్థంలోనే.

ఆ ఘట్టాన్ని మీవాడి సైన్సు పుస్తకం పక్కన పెట్టి చదివించండి. ‘కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు’ అన్నాడు పోతన. మొసలి ఏనుగును మడుగులోకి లాగుతోంది, ఏనుగు మొసలిని గట్టుకు లాగుతోంది. లాగడం బలం. ఇద్దరి బలాలూ సరిసమానమై ఎవరూ అంగుళం కదలని క్షణాన్ని ఊహించండి. బలం ఉంది, స్థానభ్రంశం లేదు. కాబట్టి సైన్సు లెక్కలో పని సున్నా. అయినా ఏనుగు అలసిపోతుంది. ఎందుకు? బిగబట్టిన కండరం ఊరకే ఉండదు. ఆకులో ఎండ దాచిన రసాయనిక శక్తి మేతగా ఏనుగు ఒంట్లో చేరింది, ఇప్పుడది కండరాల్లో ఖర్చయి వేడిగా బయటికి పోతోంది. ఎండ మేతై, మేత లావై, లావు వేడైంది. శక్తి నశించలేదు, ఏనుగుకు పనికొచ్చే రూపంలో మిగల్లేదు, అంతే. వెయ్యేళ్ల పోరు తర్వాత ‘లావొక్కింతయు లేదు’ అనిపించిన కవి బలానికీ శక్తికీ ఉన్న తేడాను ఒక్క మాటతో కళ్లకు కట్టాడని నేను నమ్ముతాను.

మొసలి మాటకొస్తే, నీళ్లలో ఏనుగును పట్టే మొసలి బయట కుక్క చేత భంగపడుతుందని చెప్పి, వేమన ‘స్థానబల్మి గాని తన బల్మి గాదయా’ అన్నాడు, అంటే అది ఉన్న చోటు ఇచ్చిన బలమే కాని సొంత బలం కాదని. భౌతికశాస్త్రం చెప్పడం ఆయన ఉద్దేశం కాదు, కానీ స్థితిజ శక్తి, అంటే ఉన్న స్థానం వల్ల కలిగే శక్తి, గురించి చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు. నాగార్జునసాగర్ నీటికి పైనున్నప్పుడు ఉన్నదీ స్థానబలిమే. కిందికి దూకితే అది కదలిక వల్ల కలిగే గతిజ శక్తి, టర్బైను తిప్పితే యాంత్రిక శక్తి, జనరేటరు దాటితే విద్యుచ్ఛక్తి. (విద్యుచ్ఛక్తి అనే రాస్తాను. సంధి కష్టమని ‘విద్యుత్ శక్తి’ అని విడదీసేవాళ్లను ఆపలేను.)

శక్తికి ఆయుధమనీ, అమ్మవారనీ, రాజుకుండే ప్రభుమంత్రోత్సాహాలనీ, శబ్దానికి అర్థం చెప్పే గుణమనీ వేరే అర్థాలున్నాయి. ఇక్కడ వాటితో పనిలేదు. ‘ఆశక్తి’ అని రాసేవారు మాత్రం గమనించాలి. ఆసక్తిలో ఉన్నది దంత్య సకారం, ‘సంజ్’ ధాతువు నుంచి వచ్చింది, శక్తికి దానికి చుట్టరికం లేదు.

సామర్థ్యం విషయంలో పత్రికలవాళ్లు పిల్లల కన్నా ఎక్కువ తప్పులు చేస్తున్నారు. ‘నగరం నిన్న ఇన్ని మెగావాట్ల కరెంటు వాడింది’ అని రాస్తారు. మెగావాట్లు సామర్థ్యానికి కొలత, వాడకాన్ని యూనిట్లలో చెప్పాలి. మీ స్నానాల గదిలో 2 కిలోవాట్ల గీజరు ఉందనుకోండి, ఆ 2 సామర్థ్యం. అరగంట వేస్తే బిల్లులో పడే 1 యూనిట్ శక్తి, అంటే 36 లక్షల జౌళ్లు. గీజరు కట్టేశాక దాని సామర్థ్యం ఎక్కడికీ పోదు, ఖర్చయిన శక్తి నీళ్లలో వేడిగా ఉంటుంది.

కావ్యంలోనూ కబుర్లలోనూ ఈ మూడు మాటలూ ఒకదాని చోట ఒకటి రావచ్చు, తప్పనను. సైన్సు పాఠంలో మాత్రం కలపకూడదు. నిర్వచనంలో ‘సామర్థ్యం’ తీసేసి ‘చేయగలగడం’ పెట్టమనే నా సలహా. అయితే పరీక్షలో ఎలా రాయాలన్నది వాళ్ల సారును అడిగి తేల్చుకోమనండి, పేపర్లు దిద్దేవాళ్లు పుస్తకంలోని వాక్యం కోసమే చూస్తే నా మాట వాడికి అక్కరకు రాకపోవచ్చు.