జన్యువుచేత ఆపబడుతుందా, కణం కానివ్వదా?

సందేహం: మా విద్యార్థులను హైదరాబాద్‌లోని సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి) తీసుకెళ్లేలోగా, పండ్ల ఈగ పిండంలో నాడీకణాలు ఎలా ఏర్పడతాయో తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘నాచ్ జన్యువుచేత పొరుగు కణాలు నాడీకణాలుగా మారడం నిరోధించబడుతుంది’, ‘నంబ్ ప్రోటీన్ ఒక కణానికే పంపిణీ చేయబడుతుంది’ అని రాస్తే, ఇది తెలుగు కాదన్నారు తోటి అధ్యాపకులు. శాస్త్ర రచనలో ‘బడు’ తప్పా?
– జీవశాస్త్ర అధ్యాపకురాలు, హబ్సిగూడ

సమాధానం: తప్పని కొట్టిపారేయలేం. కానీ మీ మొదటి వాక్యంలో అది అసలు విషయాన్నే మింగేసింది. ఎవరు ఎవరిని ఆపుతున్నారో అందులో కనబడదు. (కనబడు, వినబడు మన సొంత క్రియలు, వాటితో పేచీ లేదు.)

ఈగ పిండంలో జరిగేది చూడండి. పక్కపక్కనే ఉన్న కొన్ని కణాలకు అకీట్, స్క్యూట్ వంటి జన్యువులు న్యూరోబ్లాస్ట్ అయ్యే అర్హతనిస్తాయి. నాడీకణాలకు తల్లికణం అదే. ఆ కణాలన్నిటి మీదా డెల్టా, నాచ్ ప్రోటీన్లు రెండూ ఉంటాయి. ఏదో ఒక కణానికి డెల్టాలో కాస్త పైచేయి దొరుకుతుంది. దాని డెల్టా పొరుగు కణపు నాచ్‌ను పట్టుకోగానే నాచ్ లోపలి ముక్క తెగి, కేంద్రకంలోకి చేరి, అకీట్, స్క్యూట్‌లను అణచే జన్యువులను పనిలోకి దింపుతుంది. దాంతో పొరుగు కణంలో డెల్టా ఇంకా తగ్గుతుంది, అది చర్మకణం అవుతుంది. అంటే ఆపేది పక్క కణం. ఆ మాటను లోపలికి చేరవేసేది నాచ్. అందుకే ‘గెలిచిన కణం తన పొరుగు కణాలను న్యూరోబ్లాస్టులు కానివ్వదు’ అనండి. ‘కానివ్వదు’లో నిరోధమంతా ఉంది, కర్త కూడా దాగడు. నాచ్ లేని పిండంలో చర్మం కావలసిన కణాలు కూడా నాడీకణాల దారి పడతాయని 1930లలోనే జన్యుశాస్త్రవేత్త డొనాల్డ్ పౌల్సన్ గమనించాడు. ఆ పిండం బతకదు.

పైన ‘తెగి’ అన్నాను, ‘ఖండించబడి’ అనలేదు. తెగు–తెంచు, విరుగు–విరుచు, చీలు–చీల్చు వంటి జంటలున్న భాషకు ‘బడు’ అవసరం అరుదు.

నంబ్ సంగతీ అంతే. ఈగ వీపు మీది స్పర్శరోమానికి మూలమైన కణం రెండుగా చీలినప్పుడు నంబ్ ఒక పిల్లకణానికే దక్కుతుంది, అక్కడ నాచ్‌ను పనిచేయనివ్వదు. ఆ పిల్లకణం సంతతిలో నాడీకణం పుడుతుంది. రెండోదాని సంతతి రోమమూ, దాని కుదురూ అవుతుంది. నంబ్ లేకపోతే రెండూ రోమం వైపే పోతాయి. ‘దక్కుతుంది’ అంటే రెండోదానికి దక్కలేదన్న సంగతీ విద్యార్థికి తెలిసిపోతుంది. ‘పంపిణీ చేయబడుతుంది’ ఆ పని చేయదు.

కర్త ఎవరో తెలియనప్పుడు, చెప్పనక్కర లేనప్పుడు ‘బడు’ వాడుకోండి. అప్పుడు కూడా ‘ఈ జన్యువు నాచ్ అని పిలవబడుతుంది’ అని మాత్రం వద్దు. ‘నాచ్ అంటారు’ చాలు.