హెడ్ విప్పకముందే ఇంజిన్ మార్చడానికి ఒప్పుకోకండి

"నీళ్లలో కారు ఆగిపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఇంజిన్ మొత్తం మార్చాలంటున్నారు, బయట మెకానిక్ రీబిల్డ్ చేసిస్తానంటున్నాడు. ఏది నయం?" అని మీరు అడిగారు. నన్నడిగితే రీబిల్డే, అంటే ఉన్న ఇంజిన్‌నే విప్పి పాడైన భాగాలు మార్చి మళ్లీ బిగించడమే నయం. అయితే మీరు రాసినదాంట్లో ముఖ్యమైన సంగతి ఒకటి లేదు. ఇంజిన్ హెడ్, అంటే సిలిండర్ల పైన ఉండే మూత, విప్పి చూశారా? విప్పకుండా మార్చాలన్న వాళ్లకీ తెలియదు, విప్పకుండా బాగుచేస్తానన్న అతనికీ తెలియదు లోపల ఏముందో.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2023 డిసెంబర్, మిచాంగ్ తుఫాను. అమ్మకి సోమవారం కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని అమ్మానాన్నలు శనివారమే నెల్లూరు నుంచి చెన్నై వేళచ్చేరిలోని మా ఇంటికి వచ్చారు. నాన్నది 2013 స్విఫ్ట్ డీజిల్, ఏపీ 26 నంబరు. ఆదివారం సాయంత్రం మా వీధిలో వాళ్లంతా కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టుకుంటున్నారు. 2015 వరద చూసినవాళ్లు కదా, వాళ్లకి తెలుసు. ఆ రోజు తెలంగాణ ఓట్ల లెక్కింపు. నాన్న టీవీ ముందు నుంచి కదల్లేదు, నేనూ పట్టించుకోలేదు.

తెల్లారేసరికి వీధిలో మోకాళ్ల పైకి నీళ్లు. మా బావమరిది "తాళం ఇలా ఇవ్వు బావా, ఫ్లైఓవర్ ఎక్కించేస్తా" అన్నాడు. ఇచ్చాను. నలభై అడుగులు పోయిందో లేదో, బండి టక్కున ఆగింది. అక్కడితో వదిలేసినా కొంత మిగిలేదేమో. వాడు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాడు. మూడోసారి ఒక శబ్దం వచ్చింది, గట్టి ఇనుము మీద సుత్తి పడ్డట్టు. అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. సిలిండర్లో నీళ్లు ఉండగా పిస్టన్ పైకి వస్తే ఆ దెబ్బంతా పిస్టన్‌ని కింద తిరిగే ఇరుసుతో, అంటే క్రాంక్‌తో, కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది.

నీళ్లు తీశాక కారు సర్వీస్ సెంటర్‌కి చేరేసరికి వారం పట్టింది. యార్డంతా మునిగిన కార్లే. వాళ్ల కష్టం వాళ్లది, కాదనను. కానీ అక్కడి అడ్వైజర్ బానెట్ కూడా ఎత్తకుండా "ఇంజిన్ అసెంబ్లీ" అని రాసి రెండు లక్షల పదివేలు ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. అప్పటికి ఆ కారు అమ్మితే మూడు లక్షలు రావడమే గగనం. హెడ్ విప్పి చూడమంటే, విప్పితే ఆ లేబర్ ముందే కట్టాలి, పైగా మా దగ్గర ఇంజిన్ రీబిల్డ్ చేయరు అన్నాడు.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట చెప్పాలి. నాన్న ఏటేటా ఫుల్ ఇన్సూరెన్స్ కడుతూనే ఉన్నారు. తడిసిన కార్పెట్లు, సీట్లు, వైరింగ్ ఇస్తామన్నారు. ఇంజిన్‌కి మాత్రం రూపాయి రాలేదు. నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల పాడైంది కాబట్టి అది కాన్సీక్వెన్షియల్ లాస్ అట. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటేనే వస్తుంది. పాలసీ అమ్మేటప్పుడు ఈ ముక్క పెద్దాయనకి ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చెన్నైలో కారున్న ప్రతి ఒక్కరూ ఈ రోజే పాలసీ తీసి ఆ లైను ఉందో లేదో చూసుకోండి.

సరే, కారుని మడిపాక్కంలో ఒక షెడ్డుకి లాగించాం. మెకానిక్ సూళ్లూరుపేట కుర్రాడు. "అన్నా, ముందు పుదుపేట పోయి ఇంజిన్ల రేట్లు కూడా కనుక్కుందాం, తర్వాత నన్ను అనుకోకూడదు" అన్నాడు. వెళ్లాం. పుదుపేట అంటే చెన్నైలో పాత బండ్ల విడిభాగాల బజారు. ఆ వీధుల్లో దొరకని స్పేర్ పార్టు లేదంటారు, నిజమే. ఒక షాపులో మా మోడల్ ఇంజినే యాభై ఐదు వేలు, మూడు నెలలు నోటిమాట గ్యారంటీ. చూడ్డానికి శుభ్రంగా తుడిచి ఉంది. మా కుర్రాడు ఆయిల్ పోసే మూత విప్పి వెనక్కి తిప్పాడు. లోపలంతా పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అలా అవుతుంది. మునిగిన ఇంజిన్ తీసి మునిగిన ఇంజిన్ వేసుకోవడం ఏం తెలివి? ఏ కారులోది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అంటే షాపతను సమాధానం చెప్పలేదు.

ఇంజిన్ మారితే ఇంజిన్ నంబరు మారుతుంది, అది ఆర్‌సీలో ఎక్కాలి. మాది నెల్లూరు రిజిస్ట్రేషన్. సరైన బిల్లు లేని ఇంజిన్ పెట్టుకుని నాన్న ఈ వయసులో ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలా? ఎక్కించకుండా వదిలేస్తే రేపు అమ్మేటప్పుడో, క్లెయిమ్ చేసేటప్పుడో మెడకు చుట్టుకుంటుంది. ఇంజిన్ మార్చేయండి అని తేలిగ్గా సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

హెడ్ విప్పిన రోజు నేను సెలవు పెట్టి అక్కడే కూర్చున్నాను. నాలుగు పిస్టన్లు కనిపించాయి. కుర్రాడు క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ ఒక్కో పిస్టన్‌నీ పైదాకా తెచ్చి, బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) పైభాగం మీద ఎత్తు కొలిచే డయల్ గేజ్ పెట్టి ముల్లు చూపించాడు. ఒకటి, రెండు, నాలుగు ఒకే ఎత్తుకి వచ్చాయి. మూడోది మాత్రం దాదాపు ఒక మిల్లీమీటరు కిందే ఆగిపోయింది. రాడ్ వంగితే పొట్టిదవుతుంది, అందుకే పిస్టన్ పైదాకా రాదు. రాడ్ బయటికి తీసి మంచి రాడ్ పక్కన నిలబెడితే నా కంటికి కూడా వంపు తెలిసింది. రెండు లక్షల పదివేల ఎస్టిమేట్‌లో అసలు విరిగిందీ వంగిందీ ఈ ఒక్క రాడ్డే!

బ్లాక్‌నీ క్రాంక్‌నీ లేత్ షాపుకి మోసుకెళ్లాం. అక్కడి పెద్దాయన తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు, ప్రతి మాటకీ మధ్యలో తమిళం దొర్లుతుంది. క్రాంక్‌ని వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పి వంకర లేదన్నారు. లోపలి వెడల్పు చూపే బోర్ గేజ్‌తో ఒక్కో సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద కొలిచారు, మళ్లీ గేజ్‌ని అడ్డంగా తిప్పి కొలిచారు. మూడోదాంట్లో గీతలు పడ్డాయి కానీ కొలత దాటలేదు. "బోరు కొట్టక్కర్లేదు బాబూ, హోనింగ్ చాలు, స్టాండర్డ్ పిస్టనే వేసుకోండి" అన్నారు. బోరు కొట్టడమంటే సిలిండర్‌ని లోపల చెక్కి వెడల్పు చేయడం, హోనింగ్ అంటే లోపలి గోడని తేలిగ్గా రుద్దడం. నాలుగు సిలిండర్లూ బోరు కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసుంటే ఆయనకి ఎక్కువ డబ్బు వచ్చేది. కొలిచి, అవసరం లేదని చెప్పి పంపారు. మీరు వెతకాల్సింది ఇలాంటి మనిషిని. మెకానిక్ ఎంత మంచివాడైనా రీబిల్డ్ నిలబడేది లేత్ షాపు కొలతల మీదే.

మూడో రాడ్డు, ఆ పిస్టన్, నాలుగింటికీ రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్, కొత్త హెడ్ బోల్టులు. హెడ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించాం. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పితే అందులోంచి కూడా నీళ్లు కారాయి, అది మీ మెకానిక్‌కి తప్పకుండా గుర్తుచేయండి. లేబర్‌తో కలిపి డెబ్బై ఎనిమిది వేలు, ఇరవై రెండు రోజులు. మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చాం, అందాకా తొక్కకుండా నిదానంగా నడపమన్నారు. లక్షా పన్నెండు వేల కిలోమీటర్ల దగ్గర ఆగిన బండి ఇప్పుడు లక్షా నలభై దాటింది. ఆయిల్ తాగడం లేదు, పొగ లేదు.

ఇంజిన్ మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. రాడ్ విరిగి బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చినా, క్రాంక్ పగిలినా ఇక రీబిల్డ్ మాట ఎత్తకండి. అప్పుడు కూడా బిల్లుతో, ఇంజిన్ నంబరుతో, ఏ కారులోదో తెలిసిన ఇంజినే తీసుకోండి.

మీ కారు ఇంకా సర్వీస్ సెంటర్‌లోనే ఉందని రాశారు కాబట్టి ముందు వాళ్లకి ఫోన్ చేయండి. పెట్రోల్ బండైతే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి నీళ్లు బయటికి తీసేదాకా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదని గట్టిగా చెప్పండి, కుదిరితే బ్యాటరీ వైరు తీయించేయండి. హెడ్ విప్పడానికి ఎంతైనా ఆ లేబర్ కట్టండి, విప్పే రోజు మీరే దగ్గరుండండి. అన్ని పిస్టన్ల ఎత్తూ కొలిపించి కాగితం మీద రాయించుకోండి.